కొండ పంటల కోత, నూర్పిడి యంత్రాలు: ముంచింగిపుట్టు

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ముంచింగిపుట్టు మండలంలో వరి, చోడి, సామ ప్రధానమైన తిండిపంటలు. కోత ఇప్పటికీ కొడవలిదే. నూర్పు మాత్రం రకరకాలుగా సాగుతుంది. ఒకచోట పశువులు తొక్కుతాయి, ఒకచోట కాలితో తొక్కే డ్రమ్ము తిరుగుతుంది, రోడ్డు ఉన్న ఊరికి ట్రాక్టరో ఇంజను మిషనో వస్తుంది. మైదానంలో కోత, నూర్పు, తూర్పార మూడూ ఒక్క ఊపున ముగించే కంబైన్ హార్వెస్టర్ ఈ కొండలకు సరిపడే యంత్రం కాదు. ఎందుకు కాదో, దాని బదులు ఏది సరిపడుతుందో తెలియాలంటే యంత్రానికీ దాన్ని నడిపే శక్తికీ, ఆ రెంటికీ నేలకూ జత ఎలా కుదురుతుందో చూడాలి. ఆ లెక్క బాగా తేటపడింది 1930, 40లలో, అమెరికాలో చిన్న రైతులు చిన్న ట్రాక్టరు వెనక చిన్న కంబైన్ కట్టుకున్న రోజుల్లో. అందుకే ఈ కొండ మండలం గురించి చెబుతూ ఆ పాత యంత్రాల దాకా వెళ్ళవలసి వస్తుంది.

నేల, పంట, కాలం

ముంచింగిపుట్టు తూర్పు కనుమల్లో, ఒడిశాలోని కోరాపుట్ జిల్లాను ఆనుకొని ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది. పాడేరు నుంచి పెదబయలు మీదుగా ఇక్కడికి రోడ్డు ఉంది. సరిహద్దున మాచ్‌ఖండ్ నది, జోలాపుట్టు జలాశయం, దిగువన డుడుమ జలపాతం, 1955లో ప్రారంభమైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఉన్నాయి. బగత, వాల్మీకి, కొండదొర, కొటియా, పొర్జా, కొందు తెగల వాళ్ళు ఇక్కడి రైతులు. ఇళ్ళలో, సంతల్లో ఆదివాసీ ఒడియా, కువి, తెలుగు కలగలిసి వినిపిస్తాయి.

పాడేరు మన్యంలో భూమిని మూడుగా చెబుతారు. గెడ్డల వెంబడి మెట్లు మెట్లుగా గట్లు కట్టి చేసిన వరి మడులు పల్లం. ఊరి చుట్టూ కాస్త చదునుగా ఉండే మెట్ట గరువు. చోడి, సామ, వలిసెలు, రాజ్‌మా అక్కడ వేస్తారు. ఆ పైన ఏటవాలున ఉన్నది కొండపోడు. యంత్రం సంగతి ఈ మూడింటి దగ్గరే సగం తేలిపోతుంది. పల్లంలో మడి చిన్నది, కొన్ని మడులు సెంట్లలోనే ఉంటాయి. మడికీ మడికీ మధ్య గట్టు మోకాలెత్తు నుంచి నడుమెత్తు దాకా ఉంటుంది. ఒక మడిలోకి దిగిన బండి పక్క మడిలోకి ఎక్కడానికి దారి ఉండదు. గరువులో చక్రం తిరగడానికి చోటు దొరుకుతుంది గాని, పంటలు కలిపి వేస్తారు, అన్నీ ఒకేసారి పండవు. పోడు మీద మనిషి నిలబడి కోయడమే కష్టం.

ముందు సామ వస్తుంది, ఆ తర్వాత చోడి, నవంబరు, డిసెంబరు నెలల్లో వరి, చివరికి వలిసెలు. కొత్త గింజ వచ్చిన ప్రతిసారీ ముందు కొత్త పండుగ. ఊరి దేవతకు పెట్టకుండా ఎవరూ తినరు. ఈ నెలల్లోనే బంగాళాఖాతంలో తుపాన్లు పుడతాయి. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ మన్యంలోని చేలనూ కాఫీ తోటలనూ కూడా పడగొట్టింది. తుపాను లేని ఏడు కూడా పొద్దున బాగా ఎండెక్కేదాకా మంచు పట్టి గడ్డి తడిగా ఉంటుంది. కోతకూ నూర్పుకూ మధ్య రోజులు ఎంత తగ్గితే గింజ అంత దక్కుతుంది కనుక ఇక్కడ యంత్రం అక్కర నిజమైనదే. వరిని గింజలో 20 నుంచి 25 శాతం తేమ ఉండగా కోయాలి, దాచుకోవాలంటే 14 శాతానికి దించాలి. ప్రభుత్వ కొనుగోలులో 17 శాతం దాటితే తీసుకోరు. తడి గింజ వానలో కళ్ళంలో ఉండిపోతే మొలకెత్తుతుంది, రంగు మారుతుంది.

కళ్ళం

పాత పద్ధతి అందరికీ తెలిసిందే. కోసిన పనలు రెండు మూడు రోజులు చేలోనే ఆరబెట్టి, మోపులు కట్టి, తలమీద పెట్టుకొని కళ్ళానికి చేరుస్తారు. కళ్ళం పేడతో అలుకుతారు. పనలు గుండ్రంగా పరచి, పశువులను వరసగా కట్టి, చుట్టూ తిప్పి తొక్కిస్తారు. గడ్డి విదిలించి తీశాక మిగిలిన గింజను చేటలతో గాలికి పోసి తూర్పారబడతారు. చోడికి వెన్నులు మాత్రమే కోసి, కుప్ప వేసి, కొన్నాళ్ళు ఉంచి కర్రలతో కొడతారు. కుప్పలో పుట్టిన వేడికి గింజ తేలిగ్గా వదులుతుంది. సామకు మనుషుల కాళ్ళే చాలు. ఒకరి కళ్ళానికి ఒకరు సాయం పోవడం ఊరి ఆనవాయితీ.

ఈ పద్ధతిలో శక్తి చాలా తక్కువ, ఓపిక చాలా ఎక్కువ. మనిషి తెరిపి లేకుండా పనిచేస్తే ఇవ్వగలిగే శక్తి సుమారు 75 వాట్లు, అంటే ఒక హార్స్‌పవర్‌లో పదోవంతు. కొండ ఎడ్లు చిన్నవి. జత కలిపినా ఒక హార్స్‌పవర్‌కు లోపే. కోత, మోత, విదిలింపు, తూర్పార ఎక్కువగా ఆడవాళ్ళ మీదే పడతాయి. నూర్పు యంత్రం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మరవకూడదు. తూర్పార తగ్గితే ముందుగా తగ్గేది ఆడవాళ్ళ నడుంనొప్పే.

చోడిని రోడ్డు మీద పరచి వచ్చేపోయే వాహనాల కింద నలిపించడం దక్షిణ భారతమంతటా చూస్తాం. దాంతో గింజలో రాయి, తారు, నూనె చేరతాయి. ట్రాక్టరు చక్రాలతో కళ్ళంలో వరి తొక్కించడం అంతకంటే మేలు. అక్కడ కూడా ట్రాక్టరు ఇచ్చేది బరువు మాత్రమే, ఇంజను శక్తి దండగ పోతుంది.

ట్రాక్టరు వెనక కంబైన్

కోత, నూర్పు కలిపి చేసే యంత్రానికి అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో హైరమ్ మూర్ 1830లలో రూపమిచ్చాడు. దాన్ని లాగడానికి గుర్రాల దండే కావలసి వచ్చింది. చక్రం నేలమీద దొర్లుతుంటే దాని నుంచే పళ్ళచక్రాలు, డ్రమ్ము తిరిగేవి. అంటే గుర్రాలు ఆగితే నూర్పూ ఆగేది. కొండవాలు చిక్కు కూడా ఆనాటిదే. యంత్రం ఒక పక్కకు ఒరిగితే జల్లెడ మీద గింజంతా ఆ పక్కకే జారి, గాలికి గడ్డితో పాటు కొట్టుకుపోతుంది. కాలిఫోర్నియాలో హోల్ట్ సోదరుల కంపెనీ 1891లో, వాలు మీద కూడా ఒళ్ళు నిలువుగా ఉంచుకునే కొండవాలు కంబైన్ తెచ్చింది. అది వందల ఎకరాల గోధుమ కొండలకు చేసిన భారీ యంత్రం. వాలు కంటే మడి చిన్నతనం పెద్ద అడ్డంకి అయిన చోట దాని ఉపాయం పనికిరాదు.

చిన్న రైతుకు దారి తెరిచినవి రెండు. మొదటిది ట్రాక్టరు వెనక నుంచి తిరిగే ఇరుసు, రైతులందరూ పీటీఓ అని పిలిచేది. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1918 ప్రాంతంలో దాన్ని అమ్మకానికి తెచ్చింది. 1920లలో దాని వేగం నిమిషానికి 540 చుట్లుగా స్థిరపడింది. ఇవాళ మన ఊళ్ళో నడిచే ట్రాక్టర్లకూ అదే ప్రమాణం. రెండోది రబ్బరు టైరు. 1932లో అలిస్‌చామర్స్ కంపెనీ ట్రాక్టర్లకు గాలి టైర్లు వేసి చూపింది.

ఆ కంపెనీయే 1935లో ఆల్‌క్రాప్ 60 అనే కంబైన్ తెచ్చింది. కోత వెడల్పు 60 అంగుళాలు, అంటే అయిదు అడుగులు. డ్రమ్ము వెడల్పు కూడా ఇంచుమించు కోతంత ఉండడం దాని గొప్ప. పంటను కుదించి కుక్కకుండా, పలచని పొరగా పరచినట్టే లోపలికి తీసుకునేది. డ్రమ్ము కడ్డీలకు రబ్బరు తొడుగు ఉండడం వల్ల గింజ చితికేది కాదు. గడ్డివిత్తనాల నుంచి చిక్కుడు జాతి గింజల దాకా వందకు పైగా పంటలు నూర్చవచ్చని కంపెనీ చెప్పుకుంది. దాని జోడీగా అమ్మిన డబ్ల్యూసీ ట్రాక్టరు రెండు నాగళ్ళు లాగే చిన్న ట్రాక్టరు. 40 అంగుళాల ఆల్‌క్రాప్ ఇంకా చిన్న ట్రాక్టర్లకు. జాన్ డీర్ 12ఏ ఆరడుగుల కోతతో 1940 ప్రాంతంలో వచ్చింది. అంతకు ముందు 1923లోనే గ్లీనర్ అనే కంబైన్‌ను చిన్న ఫోర్డ్‌సన్ ట్రాక్టరు చుట్టూ అమర్చి అమ్మారు.

తనంతట తాను నడిచే కంబైన్లు రెండో ప్రపంచ యుద్ధం నాటికి పుంజుకున్నాయి. మాసీహారిస్ 21వ నంబరు యంత్రాలు 1944లో దండుగా కదిలి అమెరికా గోధుమ కోశాయి. ఆ తర్వాత లాగుడు కంబైన్లు మెల్లగా తెరమరుగయ్యాయి. ఇప్పటికీ అమెరికా, కెనడాలలో పాత యంత్రాల మీద మక్కువ ఉన్న రైతులు ఆల్‌క్రాప్‌లను బాగుచేసుకొని నాలుగైదెకరాల ఓట్స్, గోధుమలు కోసుకుంటారు. వాళ్ళను వేధించే ప్రశ్న ఒకటే: నా దగ్గరున్న పాత ట్రాక్టరు ఈ కంబైన్‌ను నడపగలదా?

జత కుదరడం

ఆ ప్రశ్నకు హార్స్‌పవర్ ఒక్కటే జవాబు అనుకోవడం సహజం. నిజానికి హార్స్‌పవర్ సులువైన భాగం. అయిదడుగుల కంబైన్‌కు 20, 25 హార్స్‌పవర్ ఉంటే చాలు. కష్టం వేగంతో వస్తుంది. పీటీఓ 540 చుట్లు తిరగాలంటే ఇంజను దాదాపు పూర్తి వేగంతో నడవాలి. అదే ఇంజను చక్రాలనూ తిప్పుతుంది. పంట ఒత్తుగా ఉన్న చోట ట్రాక్టరు నింపాదిగా నడవాలి. త్రాటిల్ తగ్గించి నింపాదిగా పోదామంటే పీటీఓ కూడా నెమ్మదిస్తుంది. డ్రమ్ము వేగం పడిపోయి గింజ గడ్డిలోనే ఉండిపోతుంది, గాలి తగ్గి తాలు వడ్లలో కలుస్తుంది. కాబట్టి ఇంజను నిండు వేగంలో ఉండగానే చక్రం మెల్లగా తిరిగే చిన్న గేరు కావాలి. 1939 నాటి ఫోర్డ్ 9ఎన్‌కు గేర్లు మూడే, 1947లో వచ్చిన 8ఎన్‌కు నాలుగు. దున్నడానికి ముచ్చటైన ట్రాక్టర్లు. ఒత్తు పంటలో కంబైన్‌తో పోవడానికి వాటి మొదటి గేరే ఎక్కువ పరుగు. అందుకే షెర్మన్ గేరుపెట్టె అని అదనపు పెట్టె బిగించుకునేవాళ్ళు.

లెక్క చూస్తే అర్థమవుతుంది. అయిదడుగుల కోత, గంటకు నాలుగు కిలోమీటర్ల నడక అనుకుందాం. గంటకు సుమారు ఆరు వేల చదరపు మీటర్లు, అంటే ఎకరంన్నర పంట డ్రమ్ములోకి పోతుంది. నడక అయిదున్నర కిలోమీటర్లకు పెరిగితే అది రెండెకరాలు దాటుతుంది. డ్రమ్ముకు అరిగించుకునే శక్తి పెరగలేదు, తిండి మాత్రం మూడోవంతుకు పైగా పెరిగింది.

రెండో చిక్కు క్లచ్చిది. పాత ట్రాక్టర్లలో క్లచ్ తొక్కితే చక్రాలూ పీటీఓ రెండూ ఆగిపోతాయి. చేలో పంట మందంగా తగిలి డ్రమ్ము మూలిగినప్పుడు డ్రైవరుకు కావలసింది చక్రం ఆగడం, డ్రమ్ము తిరుగుతూ ఉండి లోపల ఉన్నది మింగడం. క్లచ్ తొక్కగానే రెండూ ఆగితే గడ్డి డ్రమ్మంతా చుట్టుకుని, కిందికి దిగి చేత్తో పీక్కోవలసి వస్తుంది. చక్రం ఆగినా ఆగకుండా తిరిగే పీటీఓతో కెనడా కంపెనీ కాక్‌షట్ 1946 ప్రాంతంలో 30వ నంబరు ట్రాక్టరు తెచ్చింది. 1948 నాటి అలిస్‌చామర్స్ డబ్ల్యూడీకి చక్రాలను మాత్రమే ఆపే చేతి క్లచ్ విడిగా పెట్టారు. ఇవేవీ లేని ట్రాక్టరున్న రైతులకు కంబైన్ మీదే సొంత ఇంజను బిగించి ఇచ్చేవారు. అప్పుడు ట్రాక్టరు పని లాగడమే.

మూడో చిక్కు అంత తొందరగా కనబడదు, ప్రాణం మీదికి తెస్తుంది. బరువైన డ్రమ్ము ఒకసారి వేగం అందుకున్నాక క్లచ్ తొక్కినా తిరుగుతూనే ఉంటుంది. కొన్ని పాత ట్రాక్టర్లలో ఆ తిరుగుడు పీటీఓ మీదుగా వెనక్కి వచ్చి చక్రాలను తోస్తుంది. క్లచ్ తొక్కిన ట్రాక్టరు ముందుకు పోతుంది. గట్టు దగ్గర, ఏటవాలు దగ్గర అది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. ఒక దిక్కుకే పట్టు ఇచ్చే చిన్న కప్లింగు పీటీఓకు తొడిగితే ఆ తోపు ఆగిపోతుంది.

ఇక నేల. లాగుడు కంబైన్ ట్రాక్టరుకు కుడిపక్కకు జరిగి నడుస్తుంది, లేకపోతే ట్రాక్టరు చక్రాలు కోయని పంటను తొక్కేస్తాయి. దీనికి పొలం చివర తిరగడానికి చోటు కావాలి, మొదటి చుట్టులో కొంత పంట నలగడానికి సిద్ధపడాలి. ట్రాక్టరు, దాని వెనక టన్నుకు పైబడిన యంత్రం కలిసి మలుపు తిరగాలంటే ముంచింగిపుట్టు పల్లంలో ఒక మడి మొత్తం సరిపోదు. గరువులో నిలబడగలిగినా, అక్కడికి తీసుకుపోయే దారిలో గెడ్డ దాటాలి, కాలిబాట ఎక్కాలి.

మన దగ్గర

కంబైన్లు పెద్దయెత్తున భారతదేశంలో దిగింది 1956లో. సోవియట్ యూనియన్ కానుకగా ఇచ్చిన యంత్రాలతో రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో కేంద్ర ప్రభుత్వం వేల ఎకరాల యాంత్రిక క్షేత్రం నెలకొల్పింది. ఆ తర్వాత కంబైన్ పంజాబ్ గోధుమ చేలలో స్థిరపడింది. మొహాలీలో పుట్టిన స్వరాజ్ కంపెనీ 1980 నాటికి 8100 నమూనా కంబైన్ చేసింది. పాత ట్రాక్టరును కంబైన్ ఒళ్ళోకి ఎక్కించి నడిపే పంజాబీ ఉపాయం కూడా ఈ కుటుంబంలోదే. గోదావరి, కృష్ణా డెల్టాలలో బురదనేలకు రబ్బరు పట్టీల యంత్రాలు వచ్చాయి. చైన్ మిషన్, టైర్ల మిషన్ అని రైతులు వేరు చేసి చెబుతారు. కూలి దొరక్క, తుపాను భయంతో డెల్టా రైతు వాటిని ఆహ్వానించాడు. గడ్డి తునాతునకలై పశువులకు అందదనే మాట మాత్రం ఇప్పటికీ పోలేదు.

కొండ రైతుకు ఆ మాట ఇంకా బరువైనది. పల్లం దున్నేది ఎక్కువగా ఎద్దే, ఎండాకాలం ఎద్దుకు వరిగడ్డే తిండి. గడ్డిని తునాతునకలు చేసే నూర్పు ఇక్కడ ఎంత వేగమైనా లాభం కాదని నా నిశ్చితాభిప్రాయం.

కొండకు నప్పే జత

కంబైన్ చేసే పనిని రెండుగా విడదీస్తే కొండకు నప్పుతుంది: కోత చేలో, నూర్పు కళ్ళంలో. నూర్పు ఒకచోట నిలబడి సాగితే పైన చెప్పిన చిక్కుల్లో మొదటి రెండూ పోతాయి. చక్రం తిరగదు కనుక గేరు గొడవ లేదు, క్లచ్ గొడవ లేదు. చేలో కంబైన్‌ను నడపలేని పాతికేళ్ళ చిన్న ట్రాక్టరు కళ్ళం పక్కన నిలబడి నూర్పిడి మిషన్‌ను సునాయాసంగా తిప్పుతుంది. మిగిలేది డ్రమ్ము వేగం, తిండి పెట్టే తీరు.

చిన్న మెట్టు నుంచి చూస్తే ముందు కాలితొక్కుడు డ్రమ్ము. జపాన్‌లో ఇరవయ్యో శతాబ్ది మొదట్లో రూపుదిద్దుకుంది. చెక్కపట్టీల డ్రమ్ము మీద ఇనుప తీగ కొక్కేలు ఉంటాయి. ఒకరు తొక్కుతూ పనను రెండు చేతులా పట్టుకొని వెన్నులు డ్రమ్ము మీద ఆనిస్తే వడ్లు రాలతాయి, గడ్డి చేతిలో నిలువునా మిగులుతుంది. ఇద్దరు మోసుకుపోవచ్చు. దాంతో తూర్పార తప్పదు, చోడికీ సామకూ అంతగా పనికిరాదు.

దాని పైమెట్టు ఆక్సియల్ ఫ్లో నూర్పిడి మిషన్. 1970లలో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆసియా చిన్న రైతుల కోసం తయారుచేసి, నమూనాలను ఊరి వర్క్‌షాపులు చేసుకునేలా విడుదల చేసింది. 5 హార్స్‌పవర్ ఇంజనుతో నడిచే, మనుషులు మోసుకుపోగల చిన్న నమూనా కూడా అందులో ఉంది. పళ్ళున్న డ్రమ్ము చుట్టూ పంట సుడి తిరుగుతూ ఒక కొస నుంచి రెండో కొసకు జరుగుతుంది. అన్ని చుట్లు తిరగడం వల్ల తడి పంట కూడా నూర్పు అవుతుంది. మంచు తడి ఆరని కొండ కళ్ళానికి ఇది చాలా ముఖ్యం. గడ్డి మాత్రం కొంత నలుగుతుంది.

చోడి, సామ, కొర్ర వంటి చిరుధాన్యాలకు భోపాల్‌లో 1976లో ఏర్పడిన కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ నూర్పుతో పాటు గింజ మీది పొరను కూడా వదిలించే చిన్న మిషన్ రూపొందించింది. ఈ ఎత్తు ప్రాంతపు పంటలకు చింతపల్లిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం, చిరుధాన్యాలకు విజయనగరం పరిశోధన కేంద్రం ఉన్నాయి. యంత్రం కొనాలనుకునే రైతు సంఘం ముందు వీళ్ళను అడగడం మంచిది.

శక్తికి మూడు దారులు. ఊళ్ళో కరెంటు నిలకడగా ఉంటే మోటారు అన్నిటికంటే చవక, వేగం మారదు. కళ్ళం దూరంగా ఉంటే చిన్న డీజిల్ ఇంజను. మూడోది పవర్ టిల్లర్. 1967లో మిత్సుబిషితో కలిసి మొదలైన బెంగళూరు వీఎస్‌టీ, 1973లో కేరళలో పుట్టిన కామ్‌కో ఈ యంత్రాలకు పేరుపడ్డవి. 12, 13 హార్స్‌పవర్ టిల్లరు మడి దున్నుతుంది, ఎత్తు తక్కువైన గట్టు దాటించవచ్చు, కళ్ళం దగ్గర దాని ఇంజను బెల్టుతో నూర్పిడి మిషన్‌ను తిప్పుతుంది. ముంచింగిపుట్టు లాంటి చోట ట్రాక్టరు కంటే దీనికే ముందు చోటివ్వాలి.

బెల్టు లెక్క ప్రతి ఊళ్ళో ఒకరికైనా రావాలి. ఇంజను చుట్లను ఇంజను పుల్లీ అడ్డుకొలతతో గుణిస్తే వచ్చేదే డ్రమ్ము చుట్లను డ్రమ్ము పుల్లీ అడ్డుకొలతతో గుణించినా రావాలి. 1500 చుట్ల ఇంజనుకు నాలుగంగుళాల పుల్లీ ఉండి, డ్రమ్ము 600 చుట్లు తిరగాలంటే డ్రమ్ముకు పది అంగుళాల పుల్లీ వేయాలి. 40 సెంటీమీటర్ల డ్రమ్ము 600 చుట్లు తిరిగితే దాని పళ్ళ కొస సెకనుకు పన్నెండున్నర మీటర్లు పోతుంది. వరి నూర్పుకు పళ్ళ డ్రమ్ములకు సాధారణంగా చెప్పే వేగం సెకనుకు 12 నుంచి 16 మీటర్లు. ఇంజను మార్చి పుల్లీ మార్చకపోతే రెండే జరుగుతాయి. వేగం ఎక్కువైతే బియ్యం విరుగుతుంది, విత్తనం మొలక దెబ్బతింటుంది. తక్కువైతే గింజ గడ్డితో పోతుంది. గడ్డి పడే చోట దోసిలెడు తీసి గింజలు వెతికి చూస్తే వేగం సరిపోయిందో లేదో అక్కడే తెలుస్తుంది.

చెవి కూడా పనికొస్తుంది. మిషన్ దగ్గర నిలబడ్డవాడు తడి పనను ఒక్కసారిగా తోస్తే ఇంజను గొంతు దిగుతుంది, బెల్టు జారి కాలిన రబ్బరు వాసన వస్తుంది, డ్రమ్ము నిండిపోయి ఆగిపోతుంది. పనను విప్పి, పలచగా, తెరిపి లేకుండా అందిస్తే అదే ఇంజను అలసట లేకుండా రోజంతా నడుస్తుంది. ఆల్‌క్రాప్ వెడల్పు డ్రమ్ముతో చేసిన పనిని ఇక్కడ మనిషి చెయ్యి చేయాలి.

కోతకు మడిలో చేత్తో నడిపే రీపర్, భుజాన వేసుకునే బ్రష్ కట్టర్ ఉన్నాయి. పంట పడిపోకుండా నిలబడి, నేల గట్టిపడితేనే రీపర్ నడుస్తుంది. కొడవలిని ఇవి తొందరగా తొలగించలేవు. కోతకంటే నూర్పుకే ముందు ఖర్చు పెట్టాలి.

ప్రమాదం

నూర్పిడి మిషన్లు చేతులు తీసేశాయి. అందుకే 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. నూర్పిడి మిషన్ల తయారీ, అమ్మకం, వాడకం దాని కిందికి వచ్చాయి. భారతీయ ప్రమాణం ప్రకారం పంట అందించే దోనె కనీసం 90 సెంటీమీటర్లు ఉండాలి, అందులో డ్రమ్ము వైపు 45 సెంటీమీటర్లు పైన కప్పి ఉండాలి. అప్పుడు చెయ్యి పూర్తిగా చాపినా డ్రమ్ము పళ్ళు అందవు. పని తొందరగా జరుగుతుందని ఆ కప్పు ఊడదీసి పక్కన పెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. చీర కొంగు, తువ్వాలు, గాజులు, చీకట్లో పని, అలసట, మందు తాగి నిలబడడం, చెయ్యి పోవడానికి వీటిలో ఏ ఒక్కటైనా చాలు. పీటీఓ ఇరుసు మీద గొట్టం తొడుగు లేని ట్రాక్టరును కళ్ళంలోకి రానివ్వకూడదు. వాలు మీద ట్రాక్టరును నిలిపినప్పుడు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాలి. నూర్పు ఊపుకు మెల్లగా జారే ప్రమాదం ఉంది.

ఎవరి మిషన్?

షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదని 1959 నిబంధనలను 1970లో సవరించి గట్టిపరిచారు. ఆ సవరణే 1/70గా అందరికీ తెలిసింది. భూమి నిలబడింది, కమతం మాత్రం చిన్నదే. ఒక్క రైతు ఏడాదికి కొద్ది రోజులు వాడే మిషన్ సొంతంగా కొనడం దండగ. కేంద్ర ప్రభుత్వం 2014-15లో మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ అద్దె కేంద్రాలకు రాయితీ ఇస్తుంది. రాష్ట్రంలో 2021లో వచ్చిన వైఎస్ఆర్ యంత్రసేవ పథకం రైతు బృందాలకు 40 శాతం రాయితీతో యంత్రాలు ఇచ్చింది. ఇలాంటి పథకాల జాబితాలు మైదానాన్ని చూసి రాసినవి కావడంతో కొండకు కూడా పెద్ద ట్రాక్టరే ముందు కనబడుతుంది. మోసుకుపోగల మిషన్, విడి ఇంజను, నాలుగు కొలతల పుల్లీలు, ఊళ్ళో బాగుచేయడం వచ్చిన ఇద్దరు యువకులు: కొండ ఊరికి ఇచ్చే జాబితా ఇలా ఉండాలి. బేరింగు పోతే పాడేరు దాకా వెళ్ళి రావడానికి ఒక రోజు పోతుంది, నూర్పు రోజుల్లో ఆ రోజుకు చాలా విలువ.

మిషన్ కొనబోయే సంఘాలకు ఒక మాట. దుకాణంలో ఖాళీగా తిప్పి చూపితే ఒప్పుకోకండి. మీ ఊరి చోడి వెన్నులు, మంచు ఆరని వరి పనలు రెండు మోపులు పట్టుకెళ్ళి, మీ ఆడవాళ్ళ చేతే పెట్టించి చూడండి. గడ్డి పడే చోట గింజ చూడండి, దోనె పొడవు కొలవండి, నలుగురు ఎత్తి చూడండి. ఆ తర్వాతే సొమ్ము ఇవ్వండి.